రేపు ఎండా, గాలివానా? బెజవాడ, గుంటూరులో ముందే పసిగట్టడం ఎలా

ఏప్రిల్ నెలాఖరు. ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి కల్లంలో మిరపకాయలు పరిచి ఉన్నాయి. నేను ఫోన్ తీసి చూశాను. సూర్యుడి బొమ్మ, 41 డిగ్రీలు, వాన అవకాశం 10 శాతం. "ఏం ఫర్వాలేదు బాబాయ్, ఇవాళ ఎండే" అన్నాను. ఆయన ఫోన్ వైపు చూడనే లేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ పడమటి దిక్కు చూసి, "పొద్దుట్నుంచి చెమట ఆరట్లేదురా అబ్బాయ్. టార్పాలిన్ పట్టాలు బయటికి తియ్యి" అన్నాడు. నేను బద్ధకించాను. ఐదున్నరకి దుమ్ము లేచింది, వెనకాలే వాన. సగం కాయలే కప్పగలిగాం. మిగతా సగం రంగు మారి, తాలుకాయ ధరకి పోయింది.

ఆ రోజు బాబాయి చూసిందేమిటో అర్థం చేసుకోవడానికి నాకు మూడు నాలుగు వేసవులు పట్టింది. అదే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మిరపకాయలు లేకపోయినా మీకు పనికొస్తుంది. మేడ మీద ఒడియాలు ఉండొచ్చు, ఇంట్లో పెళ్లికి షామియానా వేసి ఉండొచ్చు, మే నెల మధ్యాహ్నం బండి మీద మంగళగిరి నుంచి బెంజి సర్కిల్‌కి రావాల్సి ఉండొచ్చు.

ముందుగా రెండు గాలుల సంగతి

మన వేసవంతా రెండు గాలుల పోట్లాట. ఒకటి పడమటి గాలి. విదర్భ, తెలంగాణ, పల్నాడు మీదుగా నేల వేడినంతా మోసుకొస్తుంది. పొడిగా ఉంటుంది, ముఖానికి కొలిమి సెగలా తగులుతుంది. రెండోది ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలి, మన పెద్దవాళ్లు పైరగాలి అనేది. బాపట్ల తీరం గుంటూరుకి సుమారు 50 కిలోమీటర్లు, మచిలీపట్నం విజయవాడకి సుమారు 70. మధ్యలో అడ్డం కొండల్లేవు, అంతా డెల్టా చదును. కాబట్టి పడమటి గాలి కాస్త మెత్తబడితే చాలు, సాయంత్రానికి సముద్రపు గాలి మన వీధిలోకి వచ్చేస్తుంది.

పడమటి గాలి రోజంతా గెలిస్తే వడగాలి. సముద్రపు గాలి మధ్యాహ్నం పన్నెండుకే చేరితే ఎండ 37, 38 దగ్గర ఆగుతుంది కానీ ఉక్కపోత చంపుతుంది. రెండూ మన నెత్తి మీదే ఢీకొంటే గాలివాన. ఇక మీరు చేయాల్సిన పనులన్నీ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడమే: ఇవాళ మనం ఏ గాలి చేతిలో ఉన్నాం?

ఇంట్లో ఏర్పాటు: ఒక గుడ్డ పేలిక, ఒక థర్మామీటర్

మేడ మీద చుట్టుపక్కల గోడలకంటే ఎత్తుగా ఒక కర్ర కట్టి, పల్చటి గుడ్డ పేలిక వేలాడదీయండి. దిక్కులు సరిగ్గా గుర్తుపెట్టుకోండి. విజయవాడ మేడల మీంచి వాయవ్యం అంటే కొండపల్లి కొండల వైపు, పడమర అంటే కృష్ణ వచ్చే వైపు. గుంటూరు వాళ్లకి పడమర అంటే కొండవీటి కొండల వైపు. గాలివానలు ఎక్కువగా వచ్చేది ఈ దిక్కుల నుంచే. అందుకని ఆ వైపు ఆకాశం కనిపించే చోటు ఒకటి చూసిపెట్టుకోండి. అపార్ట్‌మెంట్ అడ్డం ఉంటే నాలుగో అంతస్తు వాళ్లతో స్నేహం చేసుకోండి, తప్పదు.

థర్మామీటర్ నీడలో, గాలి ఆడే చోట, నేలకి నాలుగైదు అడుగుల ఎత్తులో ఉండాలి. గోడకి ఆనించి కొడితే అది గోడ వేడి చెబుతుంది కానీ గాలి వేడి చెప్పదు. కారు డ్యాష్‌బోర్డు మీద 48 చూపించిందని ఫొటో తీసి పంపేవాళ్ల సంగతి కూడా ఇంతే. ఇంకో చిక్కు ఉంది. ఉత్తరం గోడ ఎప్పుడూ నీడే అనుకుంటాం. మనం దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి వారం దాటాక మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు ఉత్తరం గోడకీ ఎండ తగులుతుంది. థర్మామీటర్ మీద గొడుగులా ఏదైనా చిన్న కప్పు కట్టండి.

గాలిలో తేమ కొలిచే పరికరం కొనక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్న కూలరే ఆ పరికరం. నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరచడమే కూలర్ పని. గాలి పొడిగా ఉంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తేమగా ఉంటే ఉత్త ఫ్యానే. కుండలో నీళ్లు చల్లబడడం కూడా ఇదే లెక్క. నిన్నటిదాకా చల్లగా కొట్టిన కూలర్ ఇవాళ జిడ్డుగాలి కొడుతోందంటే దాన్ని తిట్టకండి, సముద్రపు గాలి వచ్చిందని కబురు చెబుతోందది. బాబాయి చెమట కూడా ఆ కబురే చెప్పింది.

ఫోన్‌లో చూసుకునేవాళ్లు తేమ శాతం కంటే డ్యూ పాయింట్ చూడడం మేలు. గాలిని ఎన్ని డిగ్రీలకి చల్లబరిస్తే అందులో తేమ నీటి బొట్లుగా మారుతుందో ఆ అంకె అది. తేమ శాతం పొద్దున 80 ఉండి మధ్యాహ్నానికి 40కి దిగుతుంది. గాలిలో నీరు అంతే ఉంటుంది, ఎండకి లెక్క మారుతుంది. డ్యూ పాయింట్ అలా గంటగంటకీ గెంతదు. నా అనుభవంలో అది 24 దాటితే సముద్రపు గాలి, 18 కిందకి పడితే పడమటి గాలి. మధ్యలో ఉంటే మధ్యాహ్నం దాకా తీర్పు వాయిదా.

ముందు రోజు రాత్రి: బులెటిన్‌ని బులెటిన్‌లా చదవండి

అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్‌లో అందరూ రెండో పేరా చదువుతారు, ఏ జిల్లాలో వాన అని. అసలు సరుకు మొదటి పేరాలో ఉంటుంది. "ద్రోణి విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు కొనసాగుతోంది" అని ఒక వాక్యం ఉంటుంది చూడండి. ద్రోణి అంటే గాలి పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ. కొన్నిసార్లు ద్రోణి బదులు గాలుల విచ్ఛిన్నతి అంటారు. దాన్ని నేల మీద గీసిన గీతలా ఊహించుకోండి. ఆ గీతకి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమగాలి, పడమరన పొడి గాలి.

ఇప్పుడు మీ ఊరు గీతకి ఎటువైపు ఉందో చూడండి. గీత తెలంగాణ మీదో రాయలసీమ మీదో ఉంటే మనం తూర్పు వైపు, అంటే తేమ వైపు. ఉరుముల వానకి సరుకు సిద్ధంగా ఉన్నట్టే. గీత జరిగి కోస్తా మీదికో సముద్రం మీదికో పోతే మనం పొడి వైపు పడ్డాం. ఇక ఎండే. ఈ ఒక్క వాక్యం అర్థం చేసుకుంటే యాప్‌లో బొమ్మలు చూసే పని సగం తగ్గుతుంది. ఉపరితల ఆవర్తనం (నేలకి పైన గాలి సుడిలా తిరగడం) అన్న మాట ఉంటే అది ఏ ఎత్తు దాకా ఉందో కూడా రాస్తారు. ఎత్తుగా ఉన్న ఆవర్తనం మీకు దగ్గర్లోనే ఉంటే వాన ఆశ ఎక్కువ.

"ఒకటి లేదా రెండు చోట్ల" అన్న మాటకీ లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకి మించకుండా అని. అంటే ఆ రోజు మీ ఇంటి మీద పడకపోవడానికే ఎక్కువ అవకాశం. గుంటూరు లక్ష్మీపురంలో కుండపోతగా పడి, అమరావతి రోడ్డులో చుక్క పడకపోతే సూచన తప్పినట్టు కాదు. "చాలా చోట్ల" అంటే సగానికి పైగా. ఆ మాట వేసవిలో వచ్చిందంటే మాత్రం పట్టాలు రాత్రే బయటపెట్టండి.

యాప్‌లు ఎందుకు తడబడతాయో కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాతావరణ నమూనాలు భూమిని గడులుగా కోసి లెక్క వేస్తాయి. మన దేశం 2025 మే 26న మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి సుమారు 6 కిలోమీటర్లు. ప్రపంచమంతటికీ లెక్క వేసే నమూనాల్లో ఇంత సన్నటి గడి ఉన్నవి తక్కువ. ఒక ఉరుము మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. వలకన్ను పెద్దది, చేప చిన్నది. కాబట్టి "రేపు సాయంత్రం మా వీధిలో పడుతుందా?" అని యాప్‌ని అడగకండి. "రేపు ఈ ప్రాంతంలో ఉరుములకి వీలుందా?" అని మాత్రం అడగండి. దానికి బాగానే చెబుతుంది.

విండీ లాంటి వాతావరణ యాప్‌లో కేప్ అనే అంకె చూసి కంగారుపడేవాళ్లు కొందరు ఉన్నారు. గాలి ఎంత జోరుగా పైకి లేవగలదో చెప్పే అంకె అది. మే నెలలో మన తీరంలో ఆ అంకె రోజూ భారీగానే ఉంటుంది. అయినా రోజూ వాన పడదు. ఎందుకంటే పడమటి వేడిగాలి ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో మూతలా పరుచుకుని ఉంటుంది. గిన్నెలో ఎసరు ఉడుకుతున్నా మూత గట్టిగా ఉంటే పొంగదు. ఆ మూతని ఎత్తేది ద్రోణి, లేకపోతే సముద్రపు గాలి ముందుకు తోసుకొచ్చే అంచు. మూత లేచిన రోజున మాత్రం ఒక్కసారే పొంగుతుంది. అందుకే మన వేసవి వానలు మెల్లగా చినుకులతో మొదలవవు, దబ్బున మీద పడతాయి.

పొద్దున

లేవగానే పేలిక చూడండి. ఆరు, ఏడు గంటలకి గాలి స్తంభించి ఉంటే ఇంకా ఏమీ తేల్చకండి. ఎనిమిదిన్నరకి పడమరో వాయవ్యమో నుంచి గాలి జోరు అందుకుంటే ఇవాళ ఎండ రోజు. దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంటే తేమ రోజు.

తేమ రోజు అని తేలితే ఆకాశం మధ్య ఎత్తులో మబ్బులు వెతకండి. అడుగు చదునుగా ఉండి, పైన కోట బురుజుల్లా చిన్న చిన్న పొడుపులు లేచిన మబ్బుల వరస పొద్దున్నే కనిపిస్తే, పైగాలి నిలకడగా లేదని అర్థం. నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఇదే. ఎనిమిదింటికి కనిపించి పదింటికి మాయమైపోతుంది. తర్వాత ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంటుంది. అది చూసి మోసపోవద్దు.

రాత్రి ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. తెల్లవారుజామున 30 డిగ్రీల కిందకి దిగలేదంటే పగటి ఎండ పై మెట్టు నుంచే మొదలవుతుంది.

పదకొండు నుంచి మూడు దాకా

వంటకీ ఆఫీసుకీ మధ్య ఒకటి రెండుసార్లు పైకి చూస్తే చాలు. దూదిపింజల్లాంటి మబ్బులు అడ్డంగా సాగుతూ విడిపోతుంటే ఏమీ లేదు. నిలువుగా పెరుగుతూ, అంచులు కాలీఫ్లవర్ పువ్వులా గట్టిగా, స్పష్టంగా ఉంటే పెరుగుదల మీద ఉన్నాయి. అదే మబ్బు తల చెదిరి, కమ్మరి దాగలిలా పక్కలకి బల్లపరుపుగా పరుచుకుంటే ఉరుములు అక్కడ మొదలైపోయాయి. టీవీల్లో క్యుములోనింబస్ అని చెప్పేది దాన్నే. ఆ తల పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి వంద కిలోమీటర్ల అవతలి మేఘం కూడా కనిపిస్తుంది. కనిపించగానే ఒడియాలు ఎత్తేయక్కర్లేదు. అది ఎటు కదులుతోందో తెలియాలి.

ఇక్కడ ఒక పొరపాటు నేనూ చేశాను. ఫోన్‌లో గాలి పీడనం చూపించే యాప్ పెట్టుకుని, మధ్యాహ్నం అంకె పడిపోతుంటే తుపానే వస్తోందన్నంత టెన్షన్ పడ్డాను. ఉష్ణమండలంలో పీడనం రోజూ పొద్దున పది ప్రాంతంలో, రాత్రి పది ప్రాంతంలో పైకి, సాయంత్రం నాలుగుకి, తెల్లవారుజాము నాలుగుకి కిందకి పోతూనే ఉంటుంది. మూడు నాలుగు మిల్లీబార్ల తేడా మామూలే. ఇవాళ నాలుగింటి అంకెని నిన్న నాలుగింటి అంకెతోనే పోల్చండి.

మూడు దాటాక: రాడార్

వేసవి గాలివానలు ఎక్కువగా మూడు నుంచి తొమ్మిది మధ్యే. ఈ సమయంలో నమూనాలు, యాప్‌లు పక్కన పెట్టి వాన మేఘాలు ఎక్కడున్నాయో చూపించే మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ చూడండి. వాతావరణ శాఖ మౌసమ్ వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. మన రెండు ఊళ్లూ దానికి బాగా దగ్గర.

బొమ్మ తెరవగానే రంగులు కాదు, పైన టైమ్ చూడండి. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. గంట కిందటి బొమ్మ చూసి నిర్ణయం తీసుకుంటే నా కల్లం కథే మళ్లీ. రంగుల పక్కన అంకెలుంటాయి. 20, 30 అంటే చిరుజల్లు. 45 దాటితే గట్టి వాన. 55 పైన ఉంటే వడగళ్లకీ అవకాశం ఉంది.

ఇప్పుడు లెక్క. ఒక బొమ్మ చూసి, ముదురు రంగు మచ్చ ఏ ఊరి మీద ఉందో గుర్తుపెట్టుకోండి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. ఉదాహరణకి మీరు గుంటూరులో ఉన్నారు. నాలుగింటికి మచ్చ నరసరావుపేటకి ఇరవై కిలోమీటర్లు అవతల ఉంది, నాలుగున్నరకి నరసరావుపేట మీదికి వచ్చింది. అంటే గంటకి 40 కిలోమీటర్లు. నరసరావుపేట నుంచి గుంటూరు సుమారు 45 కిలోమీటర్లు. సూటిగా మీవైపే వస్తే ఐదున్నర దాటాక మీ దగ్గర ఉంటుంది. విజయవాడ వాళ్లకి నందిగామ అలాంటి మైలురాయి, సుమారు 50 కిలోమీటర్లు.

ఈ లెక్కలో అరగంట ఎప్పుడూ తగ్గించుకోండి. గాలివాన కంటే దాని గాలి ముందొస్తుంది. మేఘంలోంచి వానతోపాటు కిందకి దిగిన చల్లగాలి నేలకి కొట్టుకుని నలువైపులా పరిగెడుతుంది. ఫ్లెక్సీలు చింపేదీ, షామియానాలు లేపేదీ, కొల్లిపర వైపు అరటి తోటలు పడుకోబెట్టేదీ, నూజివీడు తోటల్లో కాయ రాల్చేదీ ఈ గాలే. పైగా అది పరిగెత్తే దారిలో తేమగాలిని పైకి తన్ని కొత్త మేఘాలు పుట్టిస్తుంది. అందుకే నరసరావుపేట మచ్చ అక్కడే ఉండగానే పేరేచర్ల మీద హఠాత్తుగా కొత్తది మొలుస్తుంది. ఒక మచ్చ కాకుండా మచ్చల వరస విల్లులా వంగి మీవైపు వస్తుంటే గాలి ఇంకా గట్టిగా ఉంటుందని లెక్క.

ఫోన్ చేతిలో లేదా? ఒళ్లే చెబుతుంది. సాయంత్రం ఉక్కగా, ఆకు కదలకుండా ఉండి, ఉన్నట్టుండి పడమర నుంచి చల్లటి గాలి, మట్టి వాసనతో తగిలిందంటే మీకు మిగిలింది పది, పదిహేను నిమిషాలు. అప్పుడు చేయాల్సింది పట్టా కప్పడం, కప్పాక అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టడం. బస్తాలు లేని పట్టా కప్పినా ఒకటే, కప్పకపోయినా ఒకటే.

పిడుగు విషయంలో బేరాల్లేవు

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వేసవి ఉరుము మేఘం ఎంత సరుకు మోస్తుందో ఆ అంకె చూస్తే తెలుస్తుంది. దామిని యాప్ ఫోన్‌లో వేసుకుంటే మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్నవి చూపిస్తుంది. యాప్ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడుతోంది, మీరు వెంటనే లోపలికి వెళ్లాలి. తాటిచెట్టు కిందకీ వేపచెట్టు కిందకీ కాదు, స్లాబు ఉన్న ఇంట్లోకి. కాయలు పోతే పోనివ్వండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

వడగాలి నాలుగు రోజుల ముందే కనిపిస్తుంది

గాలివానని గంటల ముందు పట్టుకుంటే గొప్ప. వడగాలి అలా కాదు, నెమ్మదిగా, చెప్పి వస్తుంది. అందుకే నాలుగైదు రోజుల సూచనని గాలివాన విషయంలో నమ్మను కానీ ఎండ విషయంలో నమ్ముతాను.

చూడాల్సింది ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎటు నుంచి వీస్తోందో. విండీలో 850 అనే మట్టం ఎంచుకుంటే బాణాలు కనిపిస్తాయి. మన మీద బాణాలు వాయవ్యం నుంచి వరసగా మూడు రోజులు వస్తుంటే ఎండ మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. దానికి సాక్ష్యం ఎదురుగాలి దిక్కున ఉన్న ఊళ్లలో దొరుకుతుంది. నందిగామలో, పల్నాడులో జంగమహేశ్వరపురంలో నిన్న ఎంత నమోదైందో చూడండి. గాలి మారకపోతే వాళ్ల నిన్న మన రేపు. విజయవాడ లెక్కగా చెప్పేది చాలాసార్లు గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచింది. కాంక్రీటు మధ్య వన్‌టౌన్ సందుల్లో, ఎండిన కృష్ణ ఇసుక పక్కన ఇంకా ఎక్కువే ఉంటుంది.

పగలు ఇంకో పరీక్ష. రెండు గంటలకి పేలిక చూడండి. ఇంకా పడమర నుంచే గట్టిగా కొడుతుంటే సముద్రపు గాలి ఇవాళ రాదు, వచ్చినా రాత్రి పొద్దుపోయాకే. ఆగ్నేయానికి తిరిగిందా, అంకె అక్కడితో ఆగుతుంది.

వడగాలి అని ఎప్పుడు ప్రకటిస్తారో కూడా తెలిసి ఉండాలి. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉండాలి, పైగా ఆ రోజుల సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. అంతకు మించితే తీవ్ర వడగాలి. సాధారణంతో సంబంధం లేకుండా 45 తాకితే వడగాలి, 47 అయితే తీవ్రం. తీర ప్రాంతానికి 37 ఉండి, సాధారణం కంటే 4.5 ఎక్కువైతే చాలు. మే నెలలో మన దగ్గర సాధారణమే దాదాపు 40. కాబట్టి 43లో మాడిపోతున్నా లెక్క ప్రకారం అది వడగాలి కాకపోవచ్చు. ప్రకటన రాలేదని ధైర్యంగా బయటికి వెళ్లకండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే జాబితా ఇంకా దగ్గరి లెక్క, అందులో మీ మండలం ఉందో లేదో చూసుకోండి. వాళ్ల కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 112.

అంకె తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువ కాదు. నీడలో 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఒంటికి దాదాపు 40 లాగే ఉంటుంది. 38 డిగ్రీలకి తేమ 50 శాతం తోడైతే 48లా ఉంటుంది. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. కూలర్ పనిచేయని రోజు ఇంట్లో పెద్దవాళ్లని కనిపెట్టుకుని ఉండండి. 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. మగతగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా మజ్జిగ పట్టుకుని కూర్చోకండి. తడిగుడ్డలు కప్పి 108కి ఫోన్ చేయండి.

కార్తెల లెక్క పనికొస్తుందా అంటే, కొంత. కృత్తిక మే 11 ప్రాంతంలో, రోహిణి మే 25 ప్రాంతంలో వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటకి ఆధారం ఉంది. రుతుపవనాలు కేరళ దగ్గర సర్దుకునే ఆ రోజుల్లో పడమటి గాలి బలపడుతుంది. కనుమలు దాటి దిగేసరికి తేమ అక్కడే వదిలేసి మన దగ్గరికి వేడిగా, పొడిగా వస్తుంది. కేరళలో వాన, మనకి సెగ. రుతుపవనం ఆలస్యమైతే జూన్ రెండో వారం దాకా ఇదే. తొందరగా వస్తే, 2025లో మే 24కే కేరళ తాకినట్టు, రోహిణి మెత్తబడిపోతుంది. కార్తె గుర్తుచేస్తుంది, అంతే. గాలి చూడాల్సిందే.

బంగాళాఖాతంలో ఏదైనా పుడితే

మే నెలలో అల్పపీడనం అన్న మాట వినగానే వాన గురించే ఆలోచిస్తాం. అది మనవైపు వస్తే వానే. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కానీ అది ఒడిశా, బెంగాల్, మయన్మార్ వైపు మళ్లితే "హమ్మయ్య" అనుకోవడం తొందరపాటు. తుపాను చుట్టూ గాలి గడియారం ముల్లుకి ఎదురుదిక్కున తిరుగుతుంది. అది మనకి ఈశాన్యంగా ఉన్నప్పుడు మన మీద వీచేది వాయవ్యపు గాలి. ఉన్న తేమని తోసేసి, మధ్య భారతం వేడిని లాక్కొస్తుంది. సముద్రపు గాలి దారి మూసుకుపోతుంది. 2003 మేలో ఒక తుపాను మయన్మార్ వైపు వెళ్లాక రాష్ట్రంలో వడగాలులు వెయ్యికి పైగా ప్రాణాలు తీశాయి. కాబట్టి తుపాను దారి మ్యాపులో మలుపు ఉత్తరానికో ఈశాన్యానికో కనిపిస్తే, గొడుగు పక్కన పెట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చిపెట్టుకోండి.

ఒక నోట్‌బుక్

రోజుకి ఒక వరస చాలు. పొద్దున గాలి దిక్కు, మధ్యాహ్నం రెండింటికి గాలి దిక్కు, కూలర్ పనిచేసిందా లేదా, మీరు ఏమనుకున్నారు, ఏం జరిగింది. ముఖ్యంగా తప్పినవి రాయండి. నా నోట్‌బుక్‌లో తప్పులెక్కువ ఉన్నవి పొద్దున తేమగా మొదలై పదకొండుకి పడమటి గాలి తిరిగిన రోజులు. అలాంటి రోజున వాన వస్తుందని నేను ఇప్పుడు చెప్పను. పట్టాలు మాత్రం కల్లం పక్కనే పెట్టిస్తాను.

గాలివాన వెళ్లిపోయిన మర్నాటి పొద్దున మళ్లీ మొదటికి రావాలి. వాన పడింది కదా, చల్లబడింది కదా అని వదిలేస్తాం. ఆ పొద్దున గాలి పడమర నుంచి వస్తుంటే తడి మధ్యాహ్నానికే ఆరిపోతుంది, రెండు రోజుల్లో పాత ఎండ వచ్చేస్తుంది, కాయలు ధైర్యంగా పరచండి. గాలి ఇంకా ఆగ్నేయం నుంచే ఉండి, ద్రోణి నిన్నటి చోటే ఉందని బులెటిన్ చెబుతుంటే సాయంత్రం మళ్లీ ఇదే భాగోతం. తడి పట్టాలు ఆరేసుకోండి కానీ మడిచి లోపల పెట్టకండి.